మా అమ్మాయి చెప్పిన జవాబు తప్పు కాదు

పాఠాల విభాగం బాధ్యులకు,

విషయం: పిల్లల ఆడియో పాఠాల్లో ఇస్లాం గురించిన పాఠం, దాని చివర ఉన్న క్విజ్‌లో తప్పులు – సరిదిద్దమని రెండోసారి ఫిర్యాదు.

నమస్కారం.

మా అమ్మాయి ఆరో తరగతి చదువుతోంది. మీ యాప్‌లో ప్రపంచ మతాల గురించిన పాఠాలు ఒక్కొక్కటే వింటూ పోయినవారం ఇస్లాం దగ్గరికి వచ్చింది. పాఠం అయ్యాక క్విజ్‌లో మూడో ప్రశ్న: ‘ముస్లింలు ఎవరిని ఆరాధిస్తారు?’ తను ‘అల్లాహ్‌ను’ అన్న జవాబు నొక్కింది. ఎర్ర గుర్తు పడింది. సరైన జవాబు ‘ముహమ్మద్‌ను’ అని కింద చూపించింది. రోజూ ఇంట్లో నమాజ్ చదివే పిల్ల ఫోన్ పట్టుకొని నా దగ్గరికి వచ్చి, “అమ్మీ, నేను తప్పు చెప్పానా?” అని అడిగింది. అప్పుడు నేను కూర్చుని పాఠం మొత్తం రెండుసార్లు విన్నాను.

ఆ రోజే మీకు మెయిల్ పెట్టాను. రెండు రోజులకు జవాబు వచ్చింది: ‘మీ మనోభావాలు దెబ్బతిన్నందుకు చింతిస్తున్నాం.’ దాంతో నా ఫిర్యాదు ముగిసినట్టు నమోదు చేశారు. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను. నా మనోభావాల సంగతి దయచేసి పక్కన పెట్టండి. ఎక్కాల పాఠంలో ఏడెనిమిదులు యాభై నాలుగు అని వచ్చిందనుకోండి, ఎవరైనా ఫిర్యాదు చేస్తే మనోభావాల గురించి రాస్తారా? యాభై ఆరు అని దిద్దుతారు. నేను అడుగుతున్నదీ అదే. ముస్లింలు తమ ప్రవక్త గురించి ఏం నమ్ముతారో మీ పాఠం చెప్పబోయింది, కానీ దాదాపు ప్రతిచోటా తలకిందులుగా చెప్పింది. నమ్మకం నిజమా కాదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. ఆ నమ్మకం ఏమిటో ఉన్నది ఉన్నట్టు చెప్పారా లేదా అన్నదే ప్రశ్న.

పాఠం మొదటి నిమిషంలోనే ముహమ్మద్‌ను ‘అరేబియాలో అవతరించిన దైవం’ అన్నారు. తర్వాత ఇంకోచోట ‘అవతార పురుషుడు’ అన్నారు. రాసినవారు గౌరవంగానే ఆ మాట వాడి ఉంటారని నాకు తెలుసు. తెలుగులో ఒక మహనీయుడి గురించి గొప్పగా చెప్పాలంటే నోటికి వచ్చే మాట అదే. కానీ ముస్లిం విశ్వాసంలో దేవుడు మనిషి రూపం దాల్చడం అన్నదే లేదు. ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తల్లి కడుపున పుట్టిన మనిషి. దేవుడు ఎన్నుకొని సందేశం ఇచ్చి పంపిన మనిషి. ఖుర్ఆన్ 18వ అధ్యాయం చివరి వాక్యంలో దేవుడు ఆయనతో చెప్పించిన మాటల సారం ఇది: నేను మీలాంటి మనిషిని మాత్రమే, మీ దేవుడు ఒక్కడే అని నాకు సందేశం అందుతోంది. 41వ అధ్యాయంలోనూ ఇదే మాట మళ్ళీ వస్తుంది.

ఇది మేం అయిష్టంగా ఒప్పుకునే విషయం కాదు, మా ఆరాధనలోనే ఉంది. ప్రతి నమాజ్‌లో కూర్చున్నప్పుడు చదివే సాక్ష్యంలో ‘ముహమ్మద్ ఆయన దాసుడు, ఆయన ప్రవక్త’ అంటాం. ముందు దాసుడు, తర్వాత ప్రవక్త. మా అమ్మాయి ఆ వాక్యాన్ని అరబ్బీలో నేర్చుకున్నప్పుడే దాని అర్థమూ నేర్చుకుంది. మీ క్విజ్ ఆ రోజు తప్పని గుర్తు పెట్టింది దానికే.

ఆయన మనిషి కావడమే ఆ కాలంలో మక్కా పెద్దలకు నచ్చలేదు. ‘ఇదేం ప్రవక్త, అన్నం తింటాడు, బజార్లలో తిరుగుతాడు’ అని వాళ్ళు ఎగతాళి చేసిన సంగతి 25వ అధ్యాయంలో ఉంది. అంతకు ముందు వచ్చిన ప్రవక్తలూ అన్నం తిన్నవాళ్ళే, బజార్లలో తిరిగినవాళ్ళే అన్న జవాబు కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. తన లాభనష్టాలే తన చేతిలో లేవని, కంటికి కనపడని లోకం సంగతులు తనంతట తనకు తెలియవని ఆయన చేతే చెప్పించింది 7వ అధ్యాయం. మక్కా పెద్దలతో మాట్లాడుతున్నప్పుడు ఒక అంధుడు వస్తే ఆయన మొహం చిట్లించారని, అలా చేసి ఉండకూడదని 80వ అధ్యాయం మొదట్లోనే వస్తుందని ముస్లింలలో పెద్ద వర్గమైన సున్నీల వ్యాఖ్యాతలు చెబుతారు. ఆ అంధుడు అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్. ఆయననే తర్వాత మదీనాలో అజాన్ (నమాజ్‌కు పిలుపు) ఇవ్వడానికి నియమించారు. ఒక గ్రంథం తన ప్రవక్తనే మందలించి, ఆ మందలింపును తరతరాలు చదివించడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. మీ పాఠంలో ఇలాంటిది ఒక్కటి ఉన్నా పిల్లలకు అసలు విషయం అర్థమయ్యేది.

పాఠంలో ‘ఆయన పుట్టిన రోజున, మరణించిన రోజున సూర్యుడు చీకటైపోయాడు’ అని సంగీతం పెట్టి మరీ చెప్పారు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. సూర్యగ్రహణం కథ నిజంగానే ఉంది, కానీ దాని అర్థం మీరు చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన కొడుకు ఇబ్రాహీమ్ రెండేళ్లయినా నిండకముందే చనిపోయాడు. 632 జనవరిలో జరిగిందని చరిత్రకారులు లెక్కకట్టారు. పసివాడు ఒడిలో ఉండగా ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. మీరూ ఏడుస్తారా అని ఒక సహచరుడు ఆశ్చర్యపోతే ఇది కరుణ అన్నారు. కన్ను చెమ్మగిల్లుతుంది, గుండె బాధపడుతుంది, కానీ మా ప్రభువు మెచ్చని మాట మేం అనం అని కూడా అన్నారు. అదే రోజు గ్రహణం పట్టింది. ప్రవక్త బిడ్డ పోయినందుకే సూర్యుడికి గ్రహణం పట్టిందని జనం అనుకోవడం మొదలుపెట్టారు. ఊరుకుంటే అది ఆయన మహిమగా నిలిచిపోయేది. ఆయన ఊరుకోలేదు. సూర్యచంద్రులు దేవుడి సూచనల్లో రెండు, ఎవరో పుట్టినందుకో పోయినందుకో వాటికి గ్రహణం పట్టదు, గ్రహణం చూసినప్పుడు ప్రార్థన చేయండి అని చెప్పారు. సున్నీలు అన్నిటికన్నా ప్రామాణికంగా ఎంచే బుఖారీ హదీసు (ప్రవక్త మాటలు, చేతల) సంకలనంలో ఇది ఉంది. బిడ్డను మట్టిలో పెట్టిన రోజున కూడా తన పేరు మీద అబద్ధపు మహిమ అంటకూడదని అనుకున్న మనిషికి, పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత మీరు సంగీతం పెట్టి అదే మహిమ అంటగట్టారు. ఈ ఒక్క వాక్యం విన్నప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఇక ఆయన కుటుంబం. ‘ప్రవక్తకు సంతానం లేదు, అలీ ఆయన దత్తపుత్రుడు’ అన్నారు. రెండు మాటలూ తప్పే. మొదటి భార్య ఖదీజాతో ఆయనకు కాసిమ్, అబ్దుల్లా అనే కొడుకులు, జైనబ్, రుఖయ్యా, ఉమ్మె కుల్సూమ్, ఫాతిమా అనే కూతుళ్ళు. ఇబ్రాహీమ్ తల్లి మారియా. కొడుకులంతా చిన్నప్పుడే పోయారు. కూతుళ్ళలో ముగ్గురు ఆయన కళ్ళముందే చనిపోయారు. ఆయన మరణించే నాటికి మిగిలింది ఫాతిమా ఒక్కరే, ఆవిడ కూడా కొన్ని నెలలకే తండ్రిని అనుసరించారు. ఇంకో ప్రధాన వర్గమైన షియాల పండితుల్లో కొందరు ఫాతిమా ఒక్కరే ఆయన సొంత కూతురని అంటారు, ఆ భేదాన్ని ఒక వాక్యంలో చెప్పొచ్చు. సంతానమే లేదని మాత్రం ఏ వర్గమూ అనదు. ‘కాసిమ్ తండ్రి’ అని అర్థం వచ్చే అబుల్ ఖాసిమ్ అన్నది ఆయన్ను పిలిచిన పేరే.

అలీ ఆయన తండ్రి సోదరుడైన అబూ తాలిబ్ కొడుకు. అంటే తమ్ముడి వరుస. ఫాతిమాను పెళ్ళాడి అల్లుడయ్యారు. వాళ్ళ పిల్లలే హసన్, హుసైన్. ప్రవక్త కొడుకుగా పెంచుకున్నది జైద్ ఇబ్న్ హారిసాను. ఆయన్ను ముందు జైద్ ఇబ్న్ ముహమ్మద్, అంటే ముహమ్మద్ కొడుకు జైద్, అనే పిలిచేవారు. పెంచుకున్నవాళ్ళను కన్నతండ్రి పేరుతోనే పిలవమని 33వ అధ్యాయంలో ఆదేశం వచ్చాక ఆ పిలుపు మానేశారు. మీలో ముహమ్మద్ ఏ పురుషుడికీ తండ్రి కాదు, ఆయన దేవుడి సందేశహరుడు, ప్రవక్తల పరంపరకు ముద్ర అన్న వాక్యం కూడా అదే అధ్యాయంలో ఉంది. బహుశా దీన్ని సగం చదివే సంతానం లేదని రాసేశారేమో. అక్కడ అన్నది పెరిగి పెద్దవాడైన కొడుకు గురించి. ‘ముద్ర’ అంటే ఆయన తర్వాత ఇంకో ప్రవక్త రాడని.

ఆయన భార్యలను మేం విశ్వాసుల తల్లులు అంటాం, అది ఖుర్ఆన్ ఇచ్చిన స్థానమే. మీ పాఠంలో వాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. ఆయన ఇంట్లో ఏం చేసేవారని ఆయన భార్యల్లో ఒకరైన ఆయిషాను అడిగితే, ఇంటి పనుల్లో సాయం చేసేవారు, నమాజ్ వేళకు లేచి వెళ్ళేవారు అని చెప్పారు. చెప్పులు తానే బాగుచేసుకునేవారని, బట్టలు తానే కుట్టుకునేవారని కూడా హదీసులున్నాయి. పిల్లలకు చెప్పాల్సినవి ఇలాంటివి.

‘ఆయన కుటుంబాన్ని దేవతలుగా కొలుస్తారు’ అన్న వాక్యం తీసేయండి. అహ్లె బైత్, అంటే ప్రవక్త ఇంటివారు, అంటే మాకు ప్రాణం. నమాజ్‌లో చదివే దరూద్‌లో ఆయనతో పాటు ఆయన కుటుంబం మీద కూడా శుభాలు కురిపించమని దేవుణ్ణి వేడుకుంటాం. ఇందులో అడిగేది దేవుణ్ణి, అడిగేది వాళ్ళ కోసం. ఆ ఇంటివారు అంటే ఎవరెవరు అన్నదాంట్లో భేదం ఉంది. సున్నీలు భార్యలను కూడా కలుపుతారు. షియాలు ఫాతిమా, అలీ, హసన్, హుసైన్‌లను, వాళ్ళ వంశంలోని ఇమాములను, అంటే తాము మతనాయకులుగా నమ్మేవారిని, అంటారు, పన్నెండుగురు ఇమాములను నమ్మే షియాలు వాళ్ళు పాపానికీ పొరపాటుకూ అతీతులని నమ్ముతారు. 680లో కర్బలాలో హుసైన్‌ను చంపిన రోజును తలచుకొని ఇప్పటికీ ఏడ్చేది ఈ ప్రేమతోనే. ఇంత ప్రేమ ఉన్నా దేవుడన్న మాట రాదు. ప్రవక్త స్వయంగా తన కూతురితో, నా సొమ్ములో ఏం కావాలన్నా అడుగు, దేవుడి దగ్గర మాత్రం నేను నీకు ఏమీ చేయలేను అన్నారు. తన కూతురు దొంగతనం చేసినా శిక్ష తప్పదన్నారు.

ఇంకోటి, పాఠం నిండా ‘మహమ్మదీయులు’ అన్నారు. పాత తెలుగు పుస్తకాల్లో ఈ మాట ఉంది, ఎవరూ చెడు ఉద్దేశంతో రాయలేదు. కానీ అది ముహమ్మద్‌ను కొలిచేవాళ్ళు అన్న అర్థానికి దారితీస్తుంది, మీ క్విజ్‌లో సరిగ్గా అదే జరిగింది. ముస్లింలు అని రాస్తే చాలు. ‘ఇస్లాం స్థాపకుడు’ అన్న మాట చరిత్ర పాఠాల్లో వస్తుంది, దాన్ని నేను తప్పుపట్టను. అయితే ముస్లింల నమ్మకం ప్రకారం ఆదమ్, నూహ్ (నోవహు), ఇబ్రాహీమ్ (అబ్రాహాము), మూసా (మోషే), ఈసా (యేసు) అందరూ తెచ్చింది ఇదే మార్గం, ఆయన చివరివారు అని పక్కనే ఒక్క ముక్క చేర్చండి.

ఆయన్ను మామూలు మనిషిగా చూపించమని అడుగుతున్నానని మాత్రం అనుకోకండి. కన్నవాళ్ళకన్నా బిడ్డలకన్నా ఆయనే ప్రియం కావాలన్నది మా విశ్వాసంలో భాగం. లోకాలకు కారుణ్యంగా పంపామని ఖుర్ఆన్ అంటుంది. ప్రవక్తలను దేవుడు పాపం నుంచి కాపాడతాడని నమ్ముతాం, తీర్పు రోజున ఆయన సిఫారసు చేస్తారని ఆశిస్తాం. ఆయన్ను వెలుగు అని పిలిచేవాళ్ళు మాలో ఉన్నారు, ఆ మాట అర్థం మీద పండితుల మధ్య వాదాలూ ఉన్నాయి. కానీ ఆరాధన దేవుడికి ఒక్కడికే అన్న చోట అందరూ ఒక్కటే. ఆయన మరణించిన రోజున ఉమర్ లాంటి దగ్గరి సహచరులే నమ్మలేక తల్లడిల్లుతుంటే, మరో సహచరుడు అబూబక్ర్ జనం ముందుకొచ్చి చెప్పింది ఇదే: ముహమ్మద్‌ను ఆరాధించినవాళ్ళు ఎవరైనా ఉంటే ముహమ్మద్ చనిపోయారు, అల్లాహ్‌ను ఆరాధించినవాళ్ళకు అల్లాహ్ బతికే ఉన్నాడు, ఆయనకు చావు లేదు. మీ మూడో ప్రశ్నకు జవాబు 632లోనే వచ్చేసింది.

నేను కోరేవి ఇవి. క్విజ్‌లో మూడో ప్రశ్న జవాబు వెంటనే మార్చండి, దానికి పాఠం మళ్ళీ రికార్డు చేసేదాకా ఆగనక్కర్లేదు. అలీ, సంతానం, గ్రహణం, అవతారం, దేవతలు అన్న వాక్యాలు తీసి పాఠం మళ్ళీ చదివించండి. అప్పటిదాకా దాన్ని యాప్ నుంచి పక్కన పెట్టండి. మళ్ళీ రాసేటప్పుడు ఇస్లాం చదువుకున్నవాళ్ళలో ఒక సున్నీకి, ఒక షియాకి చూపించండి. ఇప్పటికే ఈ పాఠం విని క్విజ్ రాసిన పిల్లలందరికీ సవరణ యాప్‌లోనే కనపడాలి, ముఖ్యంగా ఇస్లాం గురించి మొదటిసారి విన్న పిల్లలకు. వాళ్ళకు మా అమ్మాయిలా వెళ్ళి అడగడానికి ఇంట్లో ఎవరూ ఉండకపోవచ్చు.

నేను విన్న పాఠంలో ఏ వాక్యం ఎన్నో నిమిషంలో వచ్చిందో వేరే కాగితం మీద రాసి జతచేశాను. క్విజ్ తెర ఫొటో కూడా పెట్టాను. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఈసారి మనోభావాల గురించి కాకుండా, ఏ వాక్యాన్ని ఎలా మార్చారో రాయండి. కావాలంటే కొత్త పాఠం ముందుగా చదివి చెప్పడానికి నేను సిద్ధం, దానికి నాకేమీ ఇవ్వక్కర్లేదు.

మా అమ్మాయి ఖాతాలో ఆ ప్రశ్నకు మార్కు కలిపి, ఎర్ర గుర్తు తీసేయమని కూడా మనవి. తను రోజూ తెరిచి చూస్తోంది.

ఇట్లు,
మీ చందాదారు, ఒక విద్యార్థిని తల్లి