పిండి పులిసినంత మాత్రాన బూజు విషం పోదు

సంపాదకులకు,

అయ్యా,

నేను తిరుపతిలో ఇంటివద్దే ఇడ్లీ, దోసె పిండి రుబ్బి చుట్టుపక్కల ఇళ్లకు అమ్ముతున్నాను. మొన్నటి తుపాను వానల తర్వాత కొన్న ఉద్దిపప్పు బస్తా ముక్కిన వాసన వేయడంతో తిరిగి ఇవ్వబోతే, "బాగా కడిగి నానబెట్టండమ్మా, పిండి పులిస్తే అన్నీ పోతాయి" అని అంగడివారు చెప్పారు. ఈ మాటను నిజమని నమ్మేవారు మనలో చాలామంది ఉన్నారు. నేనూ కొన్నేళ్లు నమ్మాను.

తేమ తగిలిన పప్పుధాన్యాలపైన, చెనక్కాయలపైన పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. కాలేయ క్యాన్సర్‌కు కారణమయ్యే ఈ విషం ఇడ్లీ ఉడికే ఆవిరి వేడికి నశించదు. పులియబెట్టినప్పుడు కొంత తగ్గినా పూర్తిగా పోతుందన్న భరోసా లేదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. మన దేశంలో పప్పులకు పెట్టిన పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు. అంత తక్కువ విషాన్ని కన్ను గానీ ముక్కు గానీ పట్టలేవు.

దీన్ని కొద్ది నిమిషాల్లో పట్టిచ్చే పరీక్ష పట్టీలు ఉన్నాయి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కూడా చెనక్కాయల కోసం ఇలాంటి చవకైన పరికరాన్ని రూపొందించింది. అయితే పులుపు, జిగురు ఉన్న పిండి మీద పట్టీ తప్పుగా చూపే అవకాశం ఉంది కనుక నానబెట్టక ముందే, అంటే బస్తా దగ్గరే పరీక్ష జరగాలి. విషం బస్తా అంతటా సమానంగా పరుచుకోదు, కొన్ని గింజల్లోనే గుమికూడి ఉంటుంది. అందువల్ల పైనుంచి గుప్పెడు తీసి చూస్తే సరిపోదు. పైన, నడుమ, అడుగున తీసిన గింజలను కలిపి పొడి చేసి, ఆ పొడి నుంచి తీసిన ద్రవాన్నే పట్టీపై వేయాలి. మరొక చిక్కు ఏమిటంటే, గర్భ పరీక్షకు అలవాటుపడిన మనకు రెండు గీతలు కనబడితే ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, ఈ పట్టీల్లో సాధారణంగా రెండు గీతలు వస్తే సరుకు పరిమితి లోపల ఉన్నట్టు, ఒక్క గీతే వస్తే విషం మించినట్టు లెక్క. దీన్ని తిరగేసి చదివితే మంచి సరుకును పారబోసి చెడ్డదాన్ని రుబ్బుతాము.

మాలాంటి చిన్న వ్యాపారులు ప్రతి బస్తాకూ పట్టీ కొనలేరు. కాబట్టి ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మార్కెట్ యార్డుల్లోనూ రైతు బజార్లలోనూ ఈ పరీక్షను నామమాత్రపు రుసుముతో చేసి, ఫలితాన్ని చీటీపై రాసివ్వాలని అధికారులను కోరుతున్నాను. చెనక్కాయలపై ఏళ్లుగా పనిచేస్తున్న తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానం ఆ యార్డుల, బజార్ల సిబ్బందికి గింజలు తీసే పద్ధతి నేర్పి, గీతలు చదివే తీరును బొమ్మలతో తెలుగులో అచ్చువేయించి ఇవ్వగలదు. వచ్చే ఖరీఫ్ చెనక్కాయలు యార్డులకు చేరేలోగా ఈ ఏర్పాటు జరగాలి. మా ఇడ్లీకి తోడు వెళ్లే పచ్చడి, ఊరిబిండి ఆ గింజలతోనే కదా.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తిరుపతి