నెల సరుకుల టోకు ఆర్డరులో తూకం, రకం, ధర తేడాలపై ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
హైదరాబాద్ కార్యాలయం.

విషయం: మీ యాప్ ద్వారా మలక్‌పేట చిరునామాకు పంపిన సరుకుల్లో తేడాలు, వాపసు, సరిచేసిన బిల్లు గురించి.

నమస్కారం.

మాది పద్నాలుగు మంది ఉండే ఉమ్మడి కుటుంబం. బియ్యం బస్తాల లెక్కన, నూనె టిన్నుల లెక్కన కొంటాం. ఇంత సరుకు తెచ్చుకునే ఇంట్లో కిలోకు రెండు రూపాయల తేడా కూడా నెల ఖర్చులో కనిపిస్తుంది. అందుకే ఈసారి మీ యాప్‌లో ‘బల్క్ ఆదా’ అని పచ్చ పట్టీ వేసిన సరుకులే ఏరి తీసుకున్నాం. దించుకుని తూచి చూస్తే, ఆ పట్టీ ఉన్న చాలా సరుకుల్లో ఆదా మాట అటుంచి చేతి చమురు వదిలింది. మీ చాట్‌లో ఒక్కో సరుకు గురించి విడివిడిగా చెప్తే ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అన్న జవాబే మళ్ళీ మళ్ళీ వచ్చింది. అందుకని అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

ముందు బియ్యం. సోనా మసూరి, 26 కిలోల సంచి 1,560 రూపాయలు, నాలుగు సంచులు. అంటే కిలో 60. వచ్చిన సంచుల మీద అచ్చయిన నికర బరువు 25 కిలోలు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే ఒక్కోటీ సంచితో కలిపి 25 కిలోల వంద గ్రాములకు అటూ ఇటూగా తూగింది. ఖాళీ సంచే తొంభై గ్రాముల దాకా ఉంటుంది. కాబట్టి మిల్లు వాళ్ళ తూకం సరిగ్గానే ఉంది, తప్పు మీ పేజీలో ఉంది. కిలో మాకు పడింది 62 రూపాయల 40 పైసలు.

బిల్లు చూస్తే ఇంకో చిక్కు. 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది, 25 దాటిన సంచికి లేదు. మార్కెట్లోకి 26 కిలోల సంచి వచ్చిందే ఆ పన్ను తప్పించుకోవడానికని కిరాణా కొట్లో ఎవరినడిగినా చెప్తారు. మీ బిల్లులో ‘26 కి.’ అని ఉంది, పక్కనే 5 శాతం పన్నూ ఉంది. ఈ రెండూ ఒకేసారి నిజం కావు. 25 కిలోలైతే పన్ను సరైనదే, మాకు నాలుగు కిలోల డబ్బు రావాలి. 26 అయితే పన్నే వేయకూడదు. సంచి 25 అంటోంది కాబట్టి మొదటిదే ఖాయం. బిల్లు మార్చి పంపండి.

అదే బియ్యానికి పేజీలో ‘ఏడాది పాతవి’ అని కూడా రాశారు. ఇవి పాతవి కావు. పాత సోనా మసూరి గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్ళు లాగి, మెతుకు మెతుకు విడిగా ఉంటుంది. మీరు పంపినవి రెండు గ్లాసులకే మెత్తబడి గరిటెకు అంటుకుంటున్నాయి, గంజి చిక్కగా వస్తోంది. నిల్వ ఉన్న కొద్దీ గింజ గట్టిపడి అన్నం ఒదుగుతుంది. కొత్త బియ్యం ఒదగవు కాబట్టి అంతమందికి సరిపడా వండాలంటే పూటకు మరో గ్లాసు ఎక్కువ పోయాలి. కొత్త బియ్యం ధర తక్కువ ఉండేది అందుకే. నూకలు కూడా ఎక్కువే. ఒక కిలో జల్లించి చూస్తే నూక 110 గ్రాములు తేలింది. ఎండకు గింజ పగిలే యాసంగి ధాన్యం కలిసిందని మా అనుమానం. పాతవీ కొత్తవీ ధర తేడాతో విడిగా అమ్మితే ఎవరికీ పేచీ లేదు. సంచి మీద పంట కాలం, మిల్లు ఆడించిన నెల రాయించండి, ‘పాతవి’ అన్న మాటకు అప్పుడు విలువ ఉంటుంది.

ఇక నూనె. పల్లీ నూనె, 15 కిలోల టిన్ను, 2,475 రూపాయలు అని పేజీలో ఉంది. వచ్చింది 15 లీటర్ల టిన్ను. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి 15 లీటర్లంటే 13 కిలోల 650 గ్రాములు. కిలో 350 గ్రాములు తక్కువ. దీని గురించి అడిగితే మీ చాట్‌లో వచ్చిన జవాబు ‘కిలో అన్నా లీటరు అన్నా ఒకటే మేడమ్’. నీళ్ళకైతే ఒకటే. టిన్నును కాటా మీద పెట్టి చూసే వాళ్ళు కూడా ఇక్కడే మోసపోతారు. ఖాళీ రేకు టిన్నే కిలో దాకా ఉంటుంది, అందుకని మొత్తం పద్నాలుగున్నర పైన చూపించి పదిహేనుకు దగ్గరగానే ఉందనిపిస్తుంది. నూనె ప్యాకెట్ల మీద పరిమాణంతో పాటు బరువు కూడా రాయాలని కేంద్రం 2022లో కంపెనీలకు చెప్పింది. ఈ టిన్ను మీద ‘15 లీ. / 13.65 కి.’ అని రెండూ ఉన్నాయి, అంటే తయారీదారు దాచలేదు. మీ పేజీ రాసినవాళ్ళే 15 పక్కన ‘కి.’ తగిలించారు.

పైగా అదే బ్రాండు లీటరు ప్యాకెట్ మీ దగ్గరే 158 రూపాయలు. పదిహేను ప్యాకెట్లు 2,370. టిన్ను కొన్నందుకు మేం 105 రూపాయలు ఎక్కువ కట్టాం, దాని మీద పచ్చ పట్టీ!

కందిపప్పులోనూ ఇదే వరస. కిలో ప్యాకెట్ 162, అయిదు కిలోల ‘ఫ్యామిలీ ప్యాక్’ 840, అంటే కిలో 168. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే అని జనం లెక్క చూడకుండా నొక్కేస్తారు. యూనిట్ ధర ప్యాకెట్ మీద ముద్రించడం ఇప్పటికే తప్పనిసరి. మీ యాప్‌లో మాత్రం బొమ్మ కింద మొత్తం ధరే ఉంటుంది. కిలోకు ఎంత, లీటరుకు ఎంత అని ఆ ధర పక్కనే అదే సైజు అక్షరాల్లో చూపిస్తే ఇంత ఉత్తరం రాయాల్సిన పని పడేది కాదు. రకం సంగతి వేరే. పేజీలో ‘తాండూరు కందిపప్పు’ అని ఉంది, వచ్చిన సంచుల మీద తాండూరు అన్న మాటే లేదు, ఉట్టి ‘తూర్ దాల్’, ప్యాక్ చేసిన చిరునామా వేరే రాష్ట్రంలోది. తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఊరికే వాడుకునేది కాదు. త్వరగా ఉడుకుతుందని, రుచి ఉంటుందని ఆ పేరు చూసే ఎక్కువ ధర పెడతాం. రెండు సంచులూ కుట్టు విప్పకుండా ఉంచాం.

పెసర్ల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనికి మీరిచ్చిన జవాబు మమ్మల్నే తప్పు పట్టింది. అయిదు కిలోల సంచి, 610 రూపాయలు. దించిన మర్నాడు విప్పితే అడుగున సన్నటి పిండి, గింజలకు గుండుసూది తల కంటే కొంచెం పెద్ద గుండ్రటి చిల్లులు, కొన్ని గింజల మీద తెల్లటి చుక్కలు. ‘ఇంట్లో తడి తగిలి పురుగు పట్టి ఉంటుంది, డబ్బాలో వేపాకు వేసుకోండి’ అన్నారు. వేపాకు సలహా బాగానే ఉంది కానీ గోదాములో వేయాల్సింది. ఆ తెల్ల చుక్కలు పుచ్చు పురుగు గుడ్లు, గింజ పైనే అంటించి పెడుతుంది. పిల్ల గింజలోకి తొలుచుకుపోయి లోపలే తిని పెరిగి, రెక్కల పురుగై చిల్లు పెట్టుకుని బయటికొస్తుంది. మన వాతావరణంలో దీనికి మూడు నాలుగు వారాలైనా పడుతుంది. ఒక్క రాత్రిలో చిల్లు పడదు. చిల్లులూ, కొత్త గుడ్లూ ఒకే సంచిలో ఉన్నాయంటే ఒక తరం పురుగు అప్పటికే బయటికొచ్చి రెండో తరానికి గుడ్లు పెట్టిందన్నమాట. అదంతా సంచి మీ దగ్గర ఉన్నప్పుడు జరిగిందే. ఆ వరసలోని మిగతా సంచులు కూడా చూసుకోండి, పక్కన శనగలు, అలసందలు ఉంటే వాటికీ పాకుతుంది. దగ్గరి ఫోటోలు, సంచి మీది లాట్ నంబరు జతచేశాం.

గోధుమ పిండి పది కిలోల సంచి గడువు మూడు నెలలు. మాకు చేరేసరికి మిగిలింది పన్నెండు రోజులు. ఆన్‌లైన్‌లో అమ్మే తినే సరుకులు ఇంటికి చేరేసరికి వాటి గడువులో 30 శాతం గానీ 45 రోజులు గానీ మిగిలి ఉండాలని ఆహార భద్రతా సంస్థ 2024లో చెప్పింది. ముప్ఫై శాతమే లెక్కేసినా 27 రోజులు ఉండాలి. కిలో ప్యాకెట్ కొనేవాళ్ళు వారంలో వాడేస్తారు, గడువు దగ్గరపడ్డ సరుకును పెద్ద సంచుల్లో పెట్టి పెద్ద ఇళ్ళకు తోసేయడం మాత్రం సరికాదు.

ఎండు మిర్చి రెండు కిలోలు బ్యాడిగి అడిగాం, తేజ వచ్చింది. ‘సమానమైన బదులు సరుకు’ అట. బ్యాడిగి ముడతలు పడి ఎర్రగా ఉంటుంది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. సాంబారు పొడికి పనికొచ్చేది అదే. తేజ సన్నగా నున్నగా ఉండి గొంతు మండిస్తుంది. ధర ఒకటైనంత మాత్రాన సమానం అయిపోదు. బదులు పంపవచ్చు అన్న గడిలో టిక్కు ముందే పెట్టి ఉంచుతున్నారు, దాన్ని తీసేసి మేమే పెట్టుకునేలా చేయండి.

సబ్బులది చిన్న సంగతే, అయినా రాయకుండా ఉండలేకపోతున్నాం. అయిదు కొంటే ఒకటి ఉచితం, ఒక్కోటి 125 గ్రాములు అని పేజీలో ఉంది. వచ్చినవి 100 గ్రాములవి. ఉచితం సబ్బు కలిపినా 600 గ్రాములే, డబ్బిచ్చి కొన్న అయిదింటికే రావాల్సింది 625.

చివరగా ఛార్జీలు. సంచికి 49 రూపాయల చొప్పున ‘బరువు సరుకు రుసుము’ 196 రూపాయలు, బుట్ట నింపుతున్నంతసేపూ కనిపించకుండా డబ్బు కట్టే పేజీలో మాత్రమే తేలింది. ధరను ఇలా చివర్లో విడతలుగా బయటపెట్టడాన్ని 2023 నాటి డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళను మభ్యపెట్టే ఎత్తుగడలు) మార్గదర్శకాలు స్పష్టంగా నిషేధించాయి. ఆ రుసుము తీసుకున్నాక కూడా సంచులు గేటు దగ్గరే దించారు. తెచ్చిన అబ్బాయిని ఏమీ అనడం లేదు, వంద కిలోలు ఒక్కడే మోయడం ఎవరివల్లా కాదు. ఇద్దరిని పంపాల్సింది మీరు.

తూకం తేడా ఉంటే సరుకు దించే సమయంలోనే చెప్పాలన్నది మీ నియమం. వ్యాన్‌లో కాటా లేదు, ఇంట్లో పాతిక కిలోలు తూచే కాటా ఎవరికి ఉంటుంది? బేగంబజార్‌లోనో మలక్‌పేట గంజ్‌లోనో అయితే సంచి మూతి విప్పి గుప్పెడు తీసి, ఒక గింజ కొరికి చూసి, కళ్ళముందు తూయించుకుని బేరం కుదుర్చుకుంటాం. ఆ సౌకర్యం లేకుండా అమ్ముతున్నప్పుడు చూసుకోవడానికి వ్యవధైనా ఇవ్వాలి. 50 కిలోల దాకా తూచే వేలాడే కాటా ఒకటి ముద్ర వేయించి వ్యాన్‌లో పెడితే సగం గొడవలు గేటు దగ్గరే తీరుతాయి. నాలుగు బస్తాలు కొన్నవాళ్ళు నాలుగో బస్తా నెల తర్వాత విప్పుతారు. కాబట్టి కుట్టు విప్పని సంచులకు వాపసు గడువు రెండు రోజులు కాక కనీసం ముప్ఫై రోజులు ఉండాలి.

మాకు రావాల్సింది ఇది: బియ్యం నాలుగు కిలోలకు 240 రూపాయలు, నూనె కిలో 350 గ్రాములకు కిలో 165 చొప్పున 222 రూపాయల 75 పైసలు, పెసర్లకు 610, కందిపప్పుకు 1,680, రుసుము 196. మొత్తం 2,948 రూపాయల 75 పైసలు. గోధుమ పిండి, మిర్చి, సబ్బులు మార్చి ఇవ్వాలి. విప్పని మూడు బియ్యం సంచులు తీసుకెళ్ళి పాతవి పంపండి, లేదా కొత్త బియ్యానికి మీ దగ్గరున్న ధర కట్టి తేడా ఇవ్వండి. విప్పిన సంచి మేమే వాడుకుంటాం. మీ యాప్ ‘వ్యాలెట్’ లో పాయింట్లు వద్దు, డబ్బు కట్టిన ఖాతాకే వేయండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. కాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాం, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. అయిదు లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు లేదు. పేజీల స్క్రీన్‌షాట్లు ఆర్డరు పెట్టిన రోజే తీసి ఉంచాం కాబట్టి ఇప్పుడు పేజీ మార్చినా మా దగ్గర పాతది ఉంది.

పెసర్ల సంచిని మందపాటి ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి బాల్కనీలో పెట్టాం. పురుగు కవర్‌ను తొలిచి మిగతా సరుకుల్లోకి వచ్చేలోపు ముందు దాన్ని తీసుకెళ్ళడానికి ఎవరినైనా పంపండి. సాయంత్రం నాలుగు తర్వాత ఎప్పుడైనా ఇంట్లో మనుషులుంటారు.

ఇట్లు,
మలక్‌పేట నుంచి ఒక ఉమ్మడి కుటుంబం తరఫున

జతచేసినవి: బిల్లు, పేజీల స్క్రీన్‌షాట్లు, కాటా మీద తూకం ఫోటోలు, సంచుల లేబుళ్ళు, పెసర్ల ఫోటోలు.