ఆ గవ్వలు మా ఒడ్డువి కావు

మా షాపుకు వచ్చేవాళ్ళందరికీ ఒక సంగతి చెప్పాలి. సిగ్గుగా ఉంది కాబట్టి మొదట్లోనే చెప్పేస్తాను. గుమ్మం పక్కన బుట్టల్లో పోసిన గవ్వలు, గాజు బీరువాలో ఉన్న పెద్ద శంఖాలు, పై అరలో పెట్టిన తెల్ల పగడపు కొమ్మలు, ఇవేవీ మా ఊరి సముద్రంలోవి కావు. ఎప్పుడూ కావు. "ఇక్కడివేనా?" అని మీరు అడిగినప్పుడల్లా నేను తల ఊపాను. కొన్నిసార్లు తల ఊపే ఓపిక కూడా లేక నవ్వి ఊరుకున్నాను. ఈ సీజన్ నుంచి వాటిని అమ్మడం మానేస్తున్నాం.

ఇప్పుడే ఎందుకంటే, పోయిన సీజన్ చివర్లో ఒక పాప వచ్చింది. ఏడెనిమిదేళ్ళుంటాయేమో. కాళ్ళ నిండా ఇసుక. గులాబీ రంగు అంచున్న పెద్ద శంఖాన్ని రెండు చేతులతో పట్టుకుని, "అంకుల్, నేను పొద్దున్నుంచీ వెతుకుతున్నా, నాకొక్కటీ దొరకలేదు. మీకిది ఎక్కడ దొరికింది?" అని అడిగింది. "ఇక్కడిదేనా?" అని అడిగేవాళ్ళను చాలామందిని చూశాను గానీ, చోటు చూపించమని అడిగింది తనొక్కతే. నిజం చెప్పాలంటే అది నాకు అట్టపెట్టెలో దొరికింది. నేను మాత్రం కిటికీలోంచి చెయ్యి చాపి, అదిగో ఆ రాళ్ళ దగ్గర అన్నాను. వాళ్ళ నాన్న థ్యాంక్స్ చెప్పి తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రం షట్టర్ దించుతూ అటు చూస్తే, ఆ పిల్ల ఇంకా రాళ్ళ మధ్య వంగి వెతుకుతూనే ఉంది.

ఆ శంఖాన్ని క్వీన్ కాంక్ అంటారు. కరిబియన్ సముద్రంలోనూ దాని చుట్టుపక్కల నీళ్ళలోనూ పెరిగే నత్తది. మా రాళ్ళ దగ్గర జన్మంతా వెతికినా దొరకదు.

సముద్రపు ఊళ్ళ బజార్లలో అమ్మే గవ్వల సంగతి చాలాచోట్ల ఇంతే. హోల్‌సేల్ వాళ్ళ దగ్గర కిలోల లెక్కన, సంచుల లెక్కన కొంటాం. అలంకారపు గవ్వల్ని ఎక్కువగా ఎగుమతి చేసే దేశాల్లో ఫిలిప్పీన్స్ ఒకటి. అక్కడి నీళ్ళలో పెరిగిన గవ్వ ఎన్నో సముద్రాలు దాటి, వేరే సముద్రం ఒడ్డున "మా ఊరి గుర్తు"గా అమ్ముడుపోతుంది. మీద ఊరి పేరు మాత్రం మేమే రాయిస్తాం.

ఊరు మారడం చిన్న విషయమే అనుకుందాం. అసలు బాధ ఇంకోటి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన గవ్వను చేతిలోకి తీసుకుని చూడండి. అంచులు అరిగి ఉంటాయి, రంగు వెలిసి ఉంటుంది, పైన సన్నటి చిల్లులుంటాయి. ఇసుకలో దొర్లి, ఎండకు ఎండి, పురుగులు తొలిచాక మన దాకా వస్తుంది మరి. షాపులో ఉన్నది అద్దంలా మెరుస్తుందెందుకు? కొన్నిటికి వార్నిష్ వేస్తారు. కానీ పులిగవ్వ లాంటి వాటికి ఏ పూతా అక్కర్లేదు. బతికున్నన్నాళ్ళూ లోపలి నత్త తన మెత్తటి చర్మాన్ని బయటికి చాపి గవ్వను చుట్టూ కప్పుకుంటుంది. ఆ చర్మమే దాన్ని అంత నున్నగా ఉంచుతుంది. నత్త చచ్చిపోయి గవ్వ అలల్లో పడిందంటే ఆ నిగనిగ ఎక్కువకాలం నిలవదు. అంటే మీరు బుట్టలోంచి ఏరుకున్న మెరిసే గవ్వను చాలామటుకు బతికుండగానే పట్టి ఉంటారు. స్టార్‌ఫిష్‌లు, సముద్రపు గుర్రాలు అయితే అనుమానమే అక్కర్లేదు, అవి జంతువులే. ఎండబెట్టి అమ్ముతున్నాం, అంతే.

ఇది నాకు తెలియదని అనను. ఒకావిడ కొన్న శంఖాన్ని రెండు వారాల తర్వాత తిరిగి తెచ్చారు. బట్టల బీరువాలో పెట్టారట. ఎలుక చచ్చిందేమోనని ఇల్లంతా వెతికారట. శంఖం మెలికల్లో లోపలెక్కడో మాంసం ముక్క ఉండిపోయింది, అది కుళ్ళింది. డబ్బులు తిరిగిచ్చాను. ఆవిడ వెళ్ళాక ఆ శంఖాన్ని కడిగి, ఎండలో పెట్టి, మళ్ళీ అరలో పెట్టాను. ఇది కూడా చెప్పేశాను, ఇక దాచడానికేం లేదు.

పగడాల విషయంలో మాత్రం మీకు నేరుగా నష్టం చేశాను. మా దగ్గర తెల్ల పగడపు కొమ్మ కొన్న ఒక కుటుంబాన్ని తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో ఆపేశారు. కాగితం లేదని కొమ్మను తీసేసుకున్నారు. ఫోన్ చేసి, "కొనేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది" అన్నారు. తిట్టినా బాగుండేది. సైటిస్ అని ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది, 1975 నుంచి అమల్లో ఉంది. అంతరించే ప్రమాదమున్న జీవుల్ని, వాటి భాగాల్ని దేశాలు దాటించి అమ్మడాన్ని అది అదుపు చేస్తుంది. దిబ్బలు కట్టే రాతి పగడాలు, క్వీన్ కాంక్, రాక్షస ఆల్చిప్పలు, చుట్ట చుట్టుకున్న గవ్వలో బతికే నాటిలస్, సముద్రపు గుర్రాలు దాని రెండో జాబితాలో ఉన్నాయి. వాటి వ్యాపారానికి పర్మిట్ కావాలి. సముద్రపు తాబేళ్ళు ఇంకా కఠినమైన మొదటి జాబితాలో ఉన్నాయి. తాబేటి డిప్పతో చేసిన దువ్వెనో గాజో ఎవరైనా అంటగడితే, ఎంత పాతదని చెప్పినా కొనకండి. సొంతానికి కొనుక్కెళ్ళే ఒకటీ రెండూ వస్తువులకు కొన్ని దేశాలు మినహాయింపు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. షాపువాడు "ఏం కాదండీ, తీసుకెళ్ళండి" అన్నాడంటే నమ్మకండి. ఆ మాట నేనే ఎన్నిసార్లు అన్నానో నాకే లెక్క లేదు.

మరి ఒడ్డున మేమే ఏరుకుంటాం అంటారా? ఒకటి రెండు అరిగిన గవ్వలు జేబులో వేసుకుంటే నేనేమీ అనను, అక్కడి రూల్స్ ఒప్పుకుంటే. సంచులు నింపకండి. స్పెయిన్‌లో ఒక బీచ్‌ను సుమారు 30 ఏళ్ళ తేడాతో పరిశీలించి 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ కాలంలో టూరిస్టులు దాదాపు 3 రెట్లు పెరిగారు, ఒడ్డున గవ్వలు ఇంచుమించు మూడో వంతుకు పడిపోయాయి. ఏరుకోవడం ఒక్కటే కారణమని వాళ్ళు తేల్చలేదు, ఒడ్డును శుభ్రం చేసే యంత్రాల పాత్ర కూడా ఉండొచ్చు. కానీ ఖాళీ గవ్వ అంటే ఎవరికీ అక్కర్లేనిది కాదు. ఖాళీ గవ్వల్లో దూరి బతికే సన్యాసి పీతకు అదే ఇల్లు. ఒంటికి సరిపోయే గవ్వ దొరక్కపోతే అది ఇరుకు గవ్వలోనే ఈడుస్తూ తిరుగుతుంది.

ఇప్పటికే మా దగ్గర కొన్నవాళ్ళకు ఒక జాగ్రత్త చెప్పాలి. గవ్వల్ని చెక్క బీరువాల్లో, అట్టపెట్టెల్లో మూసి పెట్టకండి. మా గోడౌన్‌లో ఒక పాత చెక్క అర ఉండేది. ఒక వానాకాలం తర్వాత తీసి చూస్తే గవ్వల మీద తెల్లటి పొడి. మా ఆవిడ ఉప్పు అనుకుని గుడ్డతో తుడిచింది. పొడితో పాటు గవ్వ మీది గీతలూ పోయాయి, వేలికి గరుగ్గా, సుద్దముక్కలా తగిలింది. దీన్ని బైన్ జబ్బు అంటారు. 1899లో దీని గురించి రాసినాయన పేరు అలా నిలిచిపోయింది. నిజానికి జబ్బేం కాదు. చెక్కలోంచి, అట్టలోంచి వచ్చే యాసిడ్ ఆవిరి గవ్వలోని కాల్షియం కార్బొనేట్‌ను మెల్లగా తినేస్తుంది. తేమ ఉంటే మరీనూ. మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గాలాడే చోట గాజు అరలో పెట్టుకోండి.

సముద్రం హోరు వినిపిస్తుందని చెప్పి అమ్మిన శంఖాల గురించి కూడా ఒక మాట. ఆ హోరు సముద్రానిది కాదు, కొందరు అనుకునేట్టు మీ ఒంట్లో పారే నెత్తురుదీ కాదు. చుట్టూ ఉన్న చప్పుడే శంఖం లోపల తిరిగి కొన్ని స్వరాలు పెద్దవై వినిపిస్తాయి. ఖాళీ గ్లాసు చెవికి ఆనించుకోండి, అదే హోరు. ఈ ముక్క షాపులో చెబితే మా ఆవిడ నా కాలు తొక్కేది.

ఇక కంప్లైంట్ల సంగతి. మా కీచైన్లు, ఫ్రిజ్‌కు అంటించే బొమ్మలు ఇంటికెళ్ళేలోపే తుప్పు పట్టాయని చాలామంది అన్నారు. నిజమే. పగలు నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది కాబట్టి మధ్యాహ్నం గాలి సముద్రం నుంచి ఊరి మీదికి వీస్తుంది, ఉప్పు తుంపరను మోసుకొస్తుంది. మా షట్టర్‌నే అది తినేస్తోంది, పైన పలచగా పూత పూసిన ఇనుప రింగు ఎంత? ఇకనుంచి 316 రకం స్టీలువే తెప్పిస్తున్నాం. అందులో మాలిబ్డినం అనే లోహం కాస్త కలుస్తుంది, ఉప్పును మామూలు స్టీలు కన్నా బాగా తట్టుకుంటుంది. ధర పెరుగుతుంది, అది దాచను. ముత్యాల దండలు ఉంటాయి, కానీ అవి గాజుపూసలని చీటీ మీదే రాస్తున్నాం. వేరేచోట కొంటుంటే ముత్యాన్ని ముందు పళ్ళ అంచుకు మెల్లగా రాసి చూడండి. అసలుది, ఆల్చిప్పల్లో మనుషులు పెంచినదైనా సరే, సన్నటి ఇసుకలా గరగరలాడుతుంది. గాజుదో ప్లాస్టిక్‌దో అయితే జారిపోతుంది. కొనని దండను మాత్రం నోట్లో పెట్టకండి, మా వ్యాపారస్తుల తరఫున మనవి.

మీకు ఉపయోగపడే ఇంకో మార్పు టైమింగ్స్. ఇన్నాళ్ళూ గడియారం చూసి షాపు తెరిచాం. అది తెలివితక్కువ పని. మా ఊళ్ళో పోటు బాగా ఎక్కితే కూర్చోవడానికి ఇసుక మిగలదు. జనం తువ్వాళ్ళు దులుపుకుని ఒక్కసారిగా బజారు మీద పడతారు. గంటన్నర పాటు బిల్లింగ్ దగ్గర తోపులాట, పార్కింగ్ నిండిపోతుంది, ఆ తర్వాత ఈగలు తోలుకోవడమే. పోటు రోజూ ఒకే వేళకు రాదు, దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అందుకే "రద్దీ ఎప్పుడుంటుంది?" అని మీరు ఫోన్ చేసినప్పుడు నేను చెప్పిన టైమ్ మర్నాటికే తప్పయ్యేది. ఇప్పుడు ఆ రోజు పోటు వేళ పలక మీద రాసి గుమ్మంలో పెడుతున్నాం. తాపీగా చూసి కొనాలనుకుంటే ఆటు వేళకు రండి, అందరూ ఒడ్డునే ఉంటారు, బండి పెట్టుకోవడానికీ చోటుంటుంది. పౌర్ణమికీ అమావాస్యకీ అటూ ఇటూ రెండు మూడు రోజులు పోటు మరీ ఎక్కువ, ఆ రోజుల్లో షాపు రాత్రి ఇంకో గంట తెరిచే ఉంటుంది. తడి బట్టలతో రావచ్చు. ఇసుక కాళ్ళతోనూ రావచ్చు, రోజూ చిమ్మేది నేనే. తడి చేతులతో కార్డులూ పుస్తకాలూ తిరగేయకుండా ఉంటే చాలు.

డబ్బు మాటకొస్తే, టెన్షన్ లేదని చెప్పను. సీజన్ నాలుగు రోజుల్లో వచ్చిన దాంతోనే ఏడాది అద్దె కట్టాలి. పిల్లలతో వచ్చినవాళ్ళు ముందు ఆగేది గవ్వల బుట్ట దగ్గరే, ఆగాకే లోపలికొచ్చి మిగతావి కొంటారు. ఆ బుట్ట తీసేస్తే ఎంతమంది ఆగుతారో చూడాలి. పక్క కొట్లలో గవ్వలు అమ్ముతూనే ఉంటారు. వాళ్ళను నేను తప్పుపట్టను, మొన్నటిదాకా నేనూ అదే బల్ల మీద కూర్చున్నాను.

"ఇక్కడిదే" అని నేను చెప్పగా నమ్మి కొన్నవాళ్ళు ఎవరైనా సరే, బిల్లు లేకపోయినా రండి, డబ్బులు తిరిగిస్తాం. దూరంగా ఉంటే ఫోటో పంపండి చాలు. ముఖ్యంగా పగడాన్ని విమానంలో తిరిగి తేవద్దు, మళ్ళీ అదే గొడవ. మిగిలిపోయిన సరుకును హోల్‌సేల్ వాళ్ళకు వెనక్కి ఇవ్వడం లేదు, ఇస్తే ఇంకో కొట్లో తేలుతుంది. పిల్లలకు చూపించడానికి స్కూలువాళ్ళు ఎవరైనా అడిగితే ఇస్తాం, ఏది ఏ సముద్రానిదో చీటీ అంటించి మరీ. ఆ చీటీలు ఇప్పుడు మా ఆవిడ రాస్తోంది. సగానికి పైగా గవ్వల పేర్లు మా ఇద్దరికీ తెలియవు, ఇన్నేళ్ళు అమ్మి.

గాజు బీరువా మొన్ననే ఖాళీ అయింది. అందులో ఏం పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి టోపీలున్నాయి. తాళం తుప్పు పట్టి తిరగడం లేదు, కావలసినవాళ్ళు మీరే తెరిచి తీసుకోండి.