ఆశా ఫారంలో ఇంకో ప్రశ్న చేర్చండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఎన్‌సీడీ సర్వే (బీపీ, షుగర్ లాంటి అంటుకోని జబ్బుల సర్వే) కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే సీబ్యాక్ ఫారంలో 60 ఏళ్లు దాటినవాళ్ల కోసం ఒక ప్రశ్న ఉంది. దగ్గరివాళ్ల పేర్లు గానీ, సొంత ఇంటి అడ్రస్ గానీ మర్చిపోతున్నారా అని. అవునంటే ఆస్పత్రికి పంపాలి. మంచి ప్రశ్నే. దాని కిందే ఇంకొకటి చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం: వీళ్లను చూసుకుంటున్నది ఎవరు, ఆ చూసుకునేవాళ్ల వయసెంత?

నేను కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూల్ టీచర్ని. మా వైపు నుంచి కువైట్, మస్కట్ వెళ్లిన తల్లుల సంగతి మీకు తెలియనిది కాదు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో వదిలి వెళ్తారు. బడి కాగితాల్లో ఆవిడే గార్డియన్. కొన్నాళ్లకు ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతుంది. తర్వాత పెన్షన్ డబ్బులు ఎక్కడో దాచేసి, మనవరాలే తీసిందని వీధిలోకొచ్చి అరుస్తుంది. ఆ పైన అర్ధరాత్రి తలుపు తీసుకుని పుట్టింటికి బయల్దేరుతుంది. అప్పటికీ రికార్డులో గార్డియన్ ఆవిడే! స్నానం చేయించేది, మాత్రలు మింగించేది, గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకునేది తొమ్మిదో తరగతి పిల్ల. మగపిల్లాడైతే నానమ్మకు బట్టలు మారుస్తున్న సంగతి స్నేహితులకు కూడా చెప్పుకోలేడు.

పెద్దవాళ్ల మతిమరుపు జబ్బు మీద జరిగి, 2023లో వెలువడిన లాసీ-డాడ్ అధ్యయనం ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే ఆ మతిమరుపు జబ్బు ఉంది. ఆడవాళ్లలో, పల్లెల్లో ఎక్కువ. మా ఊరి అమ్మమ్మలు సరిగ్గా ఆ లెక్కలోనే ఉన్నారు. వాళ్ల పక్కన ఉన్న పిల్లలు మాత్రం ఏ లెక్కలోనూ కనబడరు. ఫారంలో గడే లేకపోతే ఎలా కనబడతారు? ఇంగ్లండ్‌లో 2023 నుంచి బడుల వార్షిక గణనలోనే ఇలాంటి పిల్లల వివరం అడుగుతున్నారు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఊరంతా ఆ పిల్లను మెచ్చుకుంటుంది. "బంగారు తల్లి, ఎంత బాధ్యతో" అంటారు. మేం టీచర్లమూ అంటాం. ఆ మెప్పు పడ్డాక ఆ పిల్ల నాకు కష్టంగా ఉందని ఎలా చెబుతుంది? క్లాసులో కునుకు తీస్తే మాత్రం తిడతాం.

కనుక్కున్నాక ఏం చేస్తారన్నది అంతకంటే ముఖ్యం. అధికారులకు మొదట తట్టేది కస్తూర్బా విద్యాలయంలోనో, హాస్టల్లోనో చేర్చేయడం. మరి ముసలావిడ? పిల్లను పంపేస్తారనో, అప్పు తీరకముందే అమ్మను కువైట్ నుంచి రప్పిస్తారనో భయపడే ఈ కుటుంబాలు నోరు విప్పవు. అందుకే పిల్ల ఒప్పుకోకుండా ఇల్లు మార్చకూడదని ముందే రాతపూర్వకంగా చెప్పండి. వివరం హెడ్మాస్టర్‌కూ ఒక్క టీచర్‌కూ తెలిస్తే చాలు, ప్రార్థన సమయంలో చప్పట్లు కొట్టించే పని వద్దు.

హాజరు సంగతి విద్యాశాఖ మంత్రి గారితో మీరే మాట్లాడాలి. పిల్లల చదువుకు తల్లులకు డబ్బిచ్చే తల్లికి వందనం పథకానికి 75 శాతం హాజరు చూస్తారు. ఇంటర్‌లో 75 తగ్గితే కండొనేషన్ ఫీజు కట్టించుకుంటారు. అమ్మమ్మ తప్పిపోయిందని రోజంతా కాలవ గట్ల వెంట వెతికిన పిల్లకూ, సినిమాకు వెళ్లినవాడికీ ఒకటే రూలా?

డిమెన్షియాకు వైకల్య ధ్రువపత్రం ఇచ్చే వీలుంది. కానీ ఆ పత్రం కోసం సదరం వైద్య పరీక్షకు స్లాట్ బుక్ చేసి, దారిలో దిగిపోతానని గొడవ చేసే మనిషిని బస్సెక్కించి, ఆస్పత్రిలో వరుసలో కూర్చోబెట్టడం పదిహేనేళ్ల పిల్లవల్ల అయ్యే పని కాదు. ఇలాంటి ఇళ్లకు డాక్టరే వెళ్లి పరీక్షించే ఏర్పాటు చేయండి. అన్నిటికన్నా ఆ పిల్లలకు కావలసింది, వారానికి రెండు పూటలు ఎవరైనా వచ్చి పెద్దావిడ దగ్గర కూర్చోవడం. ఆ రెండు పూటలూ వాళ్లు నిద్రపోతారు, లేదా చదువుకుంటారు. ఊళ్లో డ్వాక్రా మహిళలకు శిక్షణ, గౌరవ వేతనం ఇస్తే ఇది అసాధ్యమేమీ కాదు. డబ్బు ఖర్చయ్యేది ఇక్కడే, కాబట్టి ఫైలు ఆగేదీ ఇక్కడేనని తెలిసే అడుగుతున్నాను.

ఫారం మార్చడానికి టైం పడుతుందంటారా? ప్రతి నెలా 1వ తేదీన సచివాలయ సిబ్బంది పెన్షన్ పట్టుకుని ఈ ఇళ్లకే వెళ్తున్నారు. అప్పటిదాకా ఆ ప్రశ్న వాళ్లతో అడిగించండి. ముందు మా జిల్లాలో ఒక్క మండలంలో మొదలుపెట్టండి, బడి వైపు పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు, కోనసీమ