సీట్లు పెంచేవాళ్లే గదులూ చూపించాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

విద్యార్థుల కోసం కడుతున్న పెద్ద పెద్ద హాస్టల్ భవనాల గురించి మీ పేపర్లో వరసగా ఉత్తరాలు చదువుతున్నాను. ఈ పిల్లల వల్లే మాకు అద్దెకు ఇళ్లు దొరకడం లేదని కొందరు, చదువుకోవడానికి వచ్చినవాళ్లు మరెక్కడ ఉండాలని ఇంకొందరు. రెండు మాటలూ నిజమే. కానీ ఏటేటా సీట్లు పెంచుకుంటూ పోయే విద్యాసంస్థల ఊసు ఈ గొడవలో ఎక్కడా రాకపోవడం నాకు బాధగా ఉంది.

మా ఎదురింట్లో ఎనిమిదేళ్ల పాటు ఒక కుటుంబం ఉండేది. ఇద్దరు పిల్లలు, వాళ్ల నానమ్మ. అద్దె పెంచుతామన్నారు, వాళ్లు ఇవ్వలేమన్నారు, బడి సంవత్సరం మధ్యలో పిల్లల పేర్లు తీయించుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత నెల రోజుల్లో హాలుకు అడ్డంగా ప్లైవుడ్ గోడ కట్టి ఒక గదిని రెండు చేశారు. ఒకరోజు ఏదో పని మీద లోపలికి వెళ్తే అక్కడుండే అబ్బాయి చూపించాడు: తన గది లైటు స్విచ్ గోడకు అవతల, పక్క అబ్బాయి గదిలో ఉంది. రాత్రి చదువుకోవాలంటే గోడ మీద తట్టి, లైటు వెయ్యమని అడగాలి. అవతలి అబ్బాయి ఊరెళితే ఇక చీకటే. ఆ కుటుంబం మీద ఎంత జాలి వేసిందో ఈ అబ్బాయి మీదా అంతే వేసింది. ఇంతా చేస్తే ఆ ఇంటి మీద వచ్చే అద్దె మాత్రం రెట్టింపైంది.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. కుటుంబం ఇంటికి అద్దె కడుతుంది, విద్యార్థులు తలకింత అని కడతారు. ఐదుగురు కలిస్తే ఇచ్చే మొత్తాన్ని ఒకటో రెండో జీతాల మీద బతికే కుటుంబం ఇవ్వలేదు. అలా వీధిలో ఒక ఇల్లు మారితే పక్కింటి ఓనరూ అదే దారి పడతాడు. బడిలో పిల్లలు తగ్గుతారు, సెలవులు రాగానే వీధి వీధంతా ఖాళీ. ఇంగ్లండ్‌లో లీడ్స్ నగరంలోని హెడింగ్లీ ప్రాంతం ఇలాగే మారిపోయింది, అక్కడి పరిశోధకులు ఈ మార్పుకు స్టూడెంటిఫికేషన్ అని ఒక పేరే పెట్టుకున్నారు. చివరికి 2010లో ఆ దేశం ముగ్గురి నుంచి ఆరుగురి దాకా సంబంధం లేనివాళ్లు కలిసి ఉండే ఇళ్లను ప్లానింగ్ చట్టంలో వేరే తరగతిగా పెట్టింది. కావాలనుకున్న చోట, మామూలు ఇంటిని అలా మార్చాలంటే ముందు అనుమతి తీసుకోవాలని స్థానిక కౌన్సిళ్లు షరతు పెట్టొచ్చు. నాటింగ్‌హామ్ 2012లో ఆ షరతును నగరం మొత్తానికీ పెట్టింది. అయితే అప్పటికే మారిపోయిన ఇళ్లను అది వెనక్కి తేలేదు కదా. ఆలస్యం చేసినందుకు కట్టే మూల్యం ఇదే.

మరి విద్యార్థుల కోసమే ప్రత్యేకంగా భవనాలు కడితే సరిపోతుందా అంటే, కట్టాలి, తప్పకుండా కట్టాలి, నేను వాటికి వ్యతిరేకిని కాదు. కానీ వాటి చుట్టూ చెప్పే లెక్కలు మాత్రం గట్టిగా అడిగి చూడాలి. లండన్ ప్రణాళికలో రెండున్నర విద్యార్థి గదులను ఒక ఇంటి కింద జమ వేస్తారు, అంటే 500 గదుల భవనం లేస్తే నగరానికి 200 ఇళ్లు వచ్చినట్టు లెక్క. విద్యార్థులు అక్కడికి వెళ్తే వాళ్లు ఖాళీ చేసిన ఇళ్లు కుటుంబాలకు దక్కుతాయన్న ఊహ దీని వెనక ఉంది. దక్కుతాయా? ఓనర్ ఆ ప్లైవుడ్ గోడ ఎందుకు పీకుతాడు? తలకింత ఇచ్చే ఇంకో ఐదుగురిని చూసుకుంటాడు. పైగా ఆ కొత్త భవనాల్లో అద్దెలు భరించలేక చాలామంది మొదటి ఏడాది కాగానే మళ్లీ ఇలాంటి పంచుకున్న ఇళ్లకే వస్తారు.

అదే లండన్ 2021 ప్రణాళికలో నాకు నచ్చినవి రెండున్నాయి. ఇలాంటి భవనంలో ఎక్కువ గదులు ఏదో ఒక విద్యాసంస్థతో ఒప్పందం కుదిరినవై ఉండాలి. అనుమతి త్వరగా కావాలంటే కనీసం 35 శాతం గదులు తక్కువ అద్దెకు ఇవ్వాలి. ఆ తక్కువ ఎంత అన్నది కూడా బిల్డర్ ఇష్టానికి వదలకుండా, విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చే జీవన రుణంలో 55 శాతం దాటకూడదని ముడిపెట్టారు. విద్యార్థి చేతికి వచ్చే డబ్బుతో అద్దెను కొలవడం, నా దృష్టిలో, న్యాయమైన పద్ధతి.

నెదర్లాండ్స్‌లో క్యాంపస్ కాంట్రాక్ట్ అని ఉంది. చదువు అయిపోయాక ఆరు నెలల్లోపు గది ఖాళీ చేయాలి, వెనక వచ్చేవాళ్లకు అది దొరుకుతుంది. కఠినంగా కనిపించినా గది చేతులు మారుతూ ఉంటేనే కదా కొత్తవాళ్లకు చోటు.

ఇవన్నీ ఒక ఎత్తు, సీట్ల సంగతి ఒక ఎత్తు. కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీ 2005లో వేసుకున్న ప్రణాళికలో విద్యార్థులు 2020 నాటికి 33 వేల పైచిలుకు ఉంటారని రాసుకుంది, ఉన్నది 42 వేలు దాటి. చుట్టుపక్కల వాళ్లు కోర్టుకు వెళ్లారు, పెంపు ఆపమని తీర్పు వచ్చింది, 2022 మార్చిలో దాదాపు 3 వేల మంది పిల్లల అడ్మిషన్లు ప్రశ్నార్థకమయ్యాయి. రాష్ట్ర శాసనసభ హడావిడిగా చట్టం మార్చి గట్టెక్కించింది. ఆ కొన్ని వారాలు ఆ పిల్లల ఇళ్లలో ఎంత టెన్షన్ పడి ఉంటారో! తప్పు వాళ్లది కాదు, మంచి మార్కులు తెచ్చుకోవడం తప్ప వాళ్లు చేసిందేమీ లేదు. ముందే గదులు కట్టి తర్వాత సీట్లు పెంచి ఉంటే కోర్టు దాకా వెళ్లే పనే ఉండేది కాదు.

ఆక్స్‌ఫర్డ్ నగరం దీనికి ఒక దారి చూపింది. యూనివర్సిటీ ఏర్పాటు చేసిన వసతి కాకుండా బయట ఉండే పూర్తికాల విద్యార్థుల సంఖ్యకు కౌన్సిల్ ఒక హద్దు పెట్టింది, అది దాటితే యూనివర్సిటీ కొత్త తరగతి భవనాలకు అనుమతి ఇబ్బందిలో పడుతుంది. ఇదే నేను అడిగేది. కొత్త కోర్సు పెడతామని వచ్చిన సంస్థను ల్యాబ్ ఉందా, లైబ్రరీ ఉందా అని అడుగుతారు, గదులు ఎన్ని అని కూడా అదే కాగితం మీద అడగాలి. కట్టేటప్పుడు కూడా గోడలు, పైపులు, వంటగది ఏర్పాటు ఎలా ఉండాలంటే, రేపు విద్యార్థులు తగ్గితే రెండు మూడు గదులు కలిపి ఒక కుటుంబానికి ఇవ్వగలిగేలా ఉండాలి. ఒక మంచం, ఒక బల్ల పట్టే గదులే వరసగా పోసేస్తే అవి ఇంకెందుకూ పనికిరావు.

చివరగా మీకొక విన్నపం. అడ్మిషన్ల సీజన్లో ఫలానా సంస్థలో ఇన్ని సీట్లు పెరిగాయని మీ పేపర్లో మొదటి పేజీలో వేస్తారు. ఈసారి ఆ వార్త రాసే విలేకరిని, అదే సంస్థ ఎన్ని కొత్త గదులు కట్టిందో కూడా అడిగి, ఆ అంకెను పక్కనే వేయమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు