ఆ రిజల్ట్ కాగితం ఎవరి చేతిలో పడుతుంది?

సంపాదకుడు గారికి,

హైస్కూలు పిల్లల ఆరోగ్య పరీక్షల్లో సుఖవ్యాధుల పరీక్ష కూడా చేర్చాలనగానే ‘ఛీ ఛీ, బడిలో ఇదేంటి’ అనేవాళ్ల వైపు నేను లేను. క్లమీడియా, గనేరియా చాలామందిలో పైకి కనిపించవు. వదిలేస్తే ఆడపిల్లల్లో గర్భసంచి గొట్టాలు దెబ్బతిని, రేపు పిల్లలు పుట్టక ఆస్పత్రుల చుట్టూ తిరగాల్సి రావచ్చు. బయటపడితే మందులతో నయమవుతాయి. పరీక్షకు మూత్రం శాంపిల్ చాలు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం ప్రభుత్వ హైస్కూళ్లలో ఇష్టమైన విద్యార్థులకు 2003లోనే ఇది మొదలుపెట్టింది.

నా టెన్షనల్లా రిజల్ట్ గురించే. మా బడికి ఆరోగ్య బృందం వచ్చిన రోజు చూడాలి. వరండాలో రెండు బెంచీలు, ఒక తూకం మిషను. ఒకరు హిమోగ్లోబిన్ చూసి ‘ఏడు పాయింట్ రెండు’ అని కేకేస్తే ఇంకొకరు రిజిస్టర్లో ఎక్కిస్తారు. లైన్లో ఉన్నవాళ్లందరికీ వినపడుతుంది. సాయంత్రానికల్లా ఆ పిల్లకి ‘రక్తం లేనిది’ అని పేరు పడిపోతుంది. ఇక సుఖవ్యాధి అని తెలిస్తే ఆ పిల్ల చదువు అక్కడితో సరి.

ఇక పరీక్షకు తల్లిదండ్రుల అనుమతి కావాలి కదా, ఆ సంతకాల సంగతి మా జిల్లావాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2009లో ఇక్కడ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే చాలా ఫారాల మీద సంతకాలు చేసేశారు.

పైగా పోక్సో చట్టం ఉంది. 18 నిండనివారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే డాక్టరైనా, టీచరైనా పోలీసులకు చెప్పి తీరాలి. పన్నెండేళ్ల పిల్లలో ఈ జబ్బు కనిపిస్తే చెప్పాల్సిందే, రెండో మాట లేదు. కానీ పదిహేడేళ్ల ఇద్దరు ఇష్టపడి కలిసినా స్టేషన్ మెట్లెక్కాల్సిందేనంటే శాంపిల్ ఇవ్వడానికి ఎవరు ముందుకొస్తారు? ఇలాంటి సందర్భంలో మైనర్ గర్భస్రావానికి వస్తే, ఆమె, సంరక్షకులు కోరినప్పుడు డాక్టర్ పోలీసులకు ఆమె పేరు చెప్పక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అంది. ఆ వెసులుబాటు ఈ పరీక్షలకూ రావాలి.

అప్పటిదాకా బడిలో పాఠమైనా సరిగ్గా చెబుదాం. పునరుత్పత్తి పాఠం రాగానే ‘ఇంటికెళ్లి చదువుకోండి’ అని పేజీలు తిప్పేసేవాళ్లు మా టీచర్లలోనే ఉన్నారు. ప్రభుత్వాస్పత్రుల్లో సుఖవ్యాధులకు ఉచితంగా చూసే సురక్ష క్లినిక్‌లు ఉన్నాయని మగపిల్లలకూ, ఆడపిల్లలకూ చెప్పాలి. వాటిని బడి వదిలాక కూడా తెరిచి ఉంచాలి. ఓపీ వేళలూ, మా బడి వేళలూ ఒకటే అయితే పిల్లలు ఏం సాకు చెప్పి వెళ్తారు?

– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా