డూప్ చేసినవాడు హాయిగా ఆడుతున్నాడు, కొన్నవాడికి బ్యాన్ పడింది

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: ట్రేడ్‌లో (ప్లేయర్లు వస్తువులు ఇచ్చిపుచ్చుకునే చోట) ఐటెమ్‌లు డూప్ అవుతున్న, అంటే ఒకటి రెండవుతున్న లోపం, దాని పేరుతో మా గిల్డ్ (ప్లేయర్ల జట్టు) సభ్యుడికి వేసిన బ్యాన్

నమస్కారం అండి. ముంబై సర్వర్ తెరిచినప్పటి నుంచి మీ ఆన్‌లైన్ గేమ్ ఆడుతున్నాను. చిన్న గిల్డ్ ఒకటి నడుపుతున్నాను, ఎక్కువమంది హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ కుర్రాళ్లు, ఇద్దరు ముగ్గురు అమెరికా నుంచి పొద్దున్నే ఆఫీసుకు వెళ్లేముందు మన రాత్రి రెయిడ్‌కి, అంటే అందరం కలిసి పెద్ద బాస్‌ని కొట్టే ఆటకి వస్తారు. మీ గేమ్ బాగుంది కాబట్టే ఇంత ఓపిగ్గా రాస్తున్నాను, లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేసి ఊరుకునేవాణ్ణి.

గత సీజన్ ప్యాచ్ (గేమ్ అప్‌డేట్) తర్వాత ట్రేడ్‌లో డూప్ మొదలైంది. ఎలా చేస్తున్నారో ఈ లేఖలో విడమర్చి రాయను, ఇది నలుగురి చేతుల్లో పడితే ఇంకో వందమంది నేర్చుకుంటారు, వీడియోతో సహా అంతా మీ సపోర్ట్‌కి పెట్టిన ఫిర్యాదు టికెట్‌లో ఎప్పుడో ఇచ్చాను. లోపం ఎక్కడుందో మాత్రం చెప్తాను. వస్తువు ఇచ్చినవాడి క్యారెక్టర్, తీసుకున్నవాడి క్యారెక్టర్ మీ దగ్గర ఒకేసారి సేవ్ అవుతున్నట్టు లేదు. తీసుకున్నవాడిది ముందు సేవ్ అయ్యి, ఇచ్చినవాడిది సేవ్ కాకముందే కనెక్షన్ తెగితే, వాడు మళ్లీ లాగిన్ అయ్యేసరికి పాత సేవ్ లోడవుతోంది, అంటే ఆ వస్తువు వీడి దగ్గరా ఉంది, వాడి దగ్గరా ఉంది. యూపీఐలో టీ కొట్టువాడికి పది రూపాయలు పంపితే మధ్యలో నెట్ పోయినా ఆ పది ఇద్దరి ఖాతాల్లోనూ కనబడదు కదా, పోతే పోతుంది, లేదంటే వెనక్కొస్తుంది. పది రూపాయలకు ఉన్న జాగ్రత్త, మీ స్టోర్‌లో వేల రూపాయలు పోయించే గేమ్‌లో ఎందుకు లేదు?

ఫలితం మీకు లెక్కల్లో కనబడే ఉంటుంది. చివరి రెయిడ్ బాస్ దగ్గర ఎప్పుడో ఒకసారి పడే కత్తి ఇప్పుడు ఆక్షన్ హౌస్‌లో (ప్లేయర్లు అమ్ముకునే గేమ్‌లోని సంతలో) పేజీల కొద్దీ ఉంది. రాత్రుళ్లు నిద్ర మానుకుని సంపాదించినవాళ్ల వస్తువుకి విలువ పోయింది. డూప్ గ్యాంగులు వచ్చిన బంగారంతో (గేమ్‌లో డబ్బు అదే) వస్తువులు తయారుచేసే క్రాఫ్టింగ్ సామాన్లన్నీ ఊడ్చేయడంతో కొత్తగా వచ్చినవాడు ఆటలో ప్రాణం నింపే మామూలు పోషన్ కూడా కొనలేని స్థితి. రెయిడ్‌కి రమ్మంటే మా వాళ్లే “ఎందుకన్నా, కొనుక్కుంటే పోలా” అంటున్నారు. గేమ్ చచ్చిపోయేది ఇక్కడే, సర్వర్ ఆగిపోయినప్పుడు కాదు.

నా టికెట్‌కి మీ సపోర్ట్ వాళ్లు పంపిన జవాబు: గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేసుకోండి, గేమ్ ఫైల్స్ రిపేర్ చేయండి. సర్వర్‌లో సేవ్ తేడాకీ నా గ్రాఫిక్స్ కార్డుకీ ఏం సంబంధమో ఆ మహానుభావుడికే తెలియాలి. తర్వాత ఆ టికెట్‌ని ‘పరిష్కరించబడింది’ అని మూసేశారు కూడా.

గొడవ పెద్దదయ్యాక మీరు రెండు పనులు చేశారు. ఒకటి, ట్రేడ్ మొత్తం ఆపేశారు. దాన్ని నేను తప్పుపట్టను. 2021 నవంబర్‌లో అమెజాన్ వాళ్ల ఆన్‌లైన్ గేమ్ న్యూ వరల్డ్‌లో బంగారం డూప్ బయటపడ్డప్పుడు అమెజాన్ కూడా ప్లేయర్ల మధ్య సంపద చేతులు మారే దారులన్నీ మూసింది, అదే నెలలో ఐటెమ్ డూప్ వల్ల ట్రేడ్‌ని మళ్లీ ఆపాల్సి వచ్చింది. 2023 ఆగస్టులో బ్లిజార్డ్ కంపెనీ గేమ్ డయాబ్లో 4లోనూ డూప్ వల్లే ట్రేడ్ ఆపారు. రక్తం కారుతుంటే ముందు కట్టు కట్టాలి, ఒప్పుకుంటాను. కానీ కట్టు కట్టి డాక్టర్ ఇంటికెళ్లిపోతే ఎలా? లోపం సరిచేశారా లేదా అన్న ఒక్క ముక్క మీ ప్యాచ్ నోట్స్‌లో లేదు.

రెండోది, బ్యాన్లు. అసలు నా కోపం దీని గురించే. మా గిల్డ్‌లో ఒక తమ్ముడు ఆక్షన్ హౌస్‌లో, మీరు పెట్టిన ఆక్షన్ హౌస్‌లో, మీకు కట్టాల్సిన కమీషన్ కట్టి మరీ ఆ కత్తి కొన్నాడు. దాని మీద డూప్ అని ఏమైనా రాసి ఉంటుందా? అమ్మినవాడి పేరు కూడా మీరు చూపించరు. కొన్న మా తమ్ముడికి శాశ్వత బ్యాన్, నిజం డబ్బు పెట్టి మీ స్టోర్‌లో కొన్న జెమ్స్ కూడా పోయాయి. అప్పీల్ చేస్తే ‘నిర్ణయం అంతిమం’ అని ఆటోమేటిక్ మెయిల్. మరి సర్వర్ చాట్‌లో డూప్ చేశామని గొప్పలు చెప్పుకున్నవాళ్లు ఇంకో అకౌంట్లో సరుకు దాచుకుని నిన్న కూడా మా పక్కనే తిరుగుతున్నారు.

సరిగ్గా చేయొచ్చు, చేసినవాళ్లున్నారు. 2013 మేలో డయాబ్లో 3 వాళ్లు 1.0.8 ప్యాచ్‌లో ఆక్షన్ హౌస్‌లో అమ్మే ఒక్కో స్టాక్‌లో (కట్టలో) ఉండే బంగారం పరిమితి పది లక్షల నుంచి కోటికి పెంచారు. కంప్యూటర్లో ప్లస్, మైనస్ గుర్తుకి చోటు పోను 32 బిట్ల లెక్కలో పట్టే పెద్ద సంఖ్య 2,147,483,647, దాన్ని దాటించి అమ్మకానికి పెట్టి రద్దు చేస్తే పోయినదానికంటే ఎక్కువ బంగారం తిరిగొచ్చింది. బ్లిజార్డ్ ఆక్షన్ హౌస్ ఆపింది, అందరి ఆటనూ వెనక్కి తిప్పలేదు, ఖాతాలు ఒక్కొక్కటే తనిఖీ చేసి డూప్ బంగారం వెనక్కి లాక్కుంది. అందరికీ నచ్చిందని కాదు, అలా వెనక్కి తిప్పాల్సిందని, అంటే రోల్‌బ్యాక్ చేయాల్సిందని వాదించినవాళ్లున్నారు. కానీ ఏం జరిగిందో, ఏం చేస్తున్నారో బయటికి చెప్పారు.

మీరు చేయాల్సింది కూడా అర్థంకానంత కష్టమేం కాదు. ట్రేడ్ అంటే ఇచ్చినవాడి దగ్గర తీసేయడం, తీసుకున్నవాడికి కలపడం, రెండూ డేటాబేస్‌లో ఒకే ట్రాన్సాక్షన్‌గా జరగాలి, రెండూ అవ్వాలి లేదా రెండూ అవ్వకూడదు. అరుదైన ప్రతి వస్తువుకీ పుట్టినప్పుడే ఒక సీరియల్ నంబర్ ఇవ్వండి, అదే నంబర్ రెండుచోట్ల కనబడితే రెండూ అప్పటికప్పుడు ఫ్రీజ్ అవ్వాలి. ఎన్ని కత్తులు పడ్డాయి, ఎన్ని కరిగించారు, ఎన్ని మిగిలాయి అన్న లెక్క రోజూ సరిచూడండి, తేడా వస్తే ప్లేయర్లు చెప్పేదాకా ఆగక్కర్లేదు. మెయిల్‌బాక్స్‌లో ‘తీసుకో’ బటన్ నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు టపటపా నొక్కితే రెండుసార్లు వస్తోందని కూడా కొందరంటున్నారు, ఒకసారి ఇచ్చేసిన రిక్వెస్ట్‌ని సర్వర్ గుర్తుపెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

ఇక మా వాడి సంగతి. వస్తువు ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో రికార్డులు మీ దగ్గరే ఉంటాయి. ఆక్షన్ హౌస్‌లో మామూలు ధరకి కొన్నవాడినీ, ఒకే స్నేహితుడితో వరసపెట్టి ట్రేడ్ చేసి ప్రతిసారీ డిస్‌కనెక్ట్ అయినవాడినీ ఒకే గాటన కట్టకండి. కత్తి తీసేసుకోండి, పెట్టిన బంగారం తిరిగివ్వండి, అకౌంట్ తెరవండి, జెమ్స్ వాడి ఖాతాలో వేయండి. అకౌంట్ ఐడీ, కొనుగోలు రసీదులు ఈ మెయిల్‌కి జతచేశాను.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అది కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి అక్కడ ఫిర్యాదు పెడతాం, రసీదులన్నీ సిద్ధంగానే ఉన్నాయి. జవాబు మాత్రం మనిషి చేత రాయించండి, డ్రైవర్లు ఇప్పటికే అప్‌డేట్ చేసుకున్నాను.

ఇట్లు,
ముంబై సర్వర్‌లో ఒక గిల్డ్ లీడర్